రెండు గీతలు కనిపించాక ఏమిటి? – మందుల షాపుల్లో లైంగిక వ్యాధుల స్వీయ పరీక్ష కిట్లు



ఈనాటి పాఠ్యాంశం పేరు వినగానే కొందరు తల దించుకుంటారు, కొందరు పక్కవారిని మోచేత్తో పొడిచి నవ్వుతారు. "ఈ పేజీలు మీరే చదువుకోండి" అంటూ తరగతిలో దీన్ని దాటేసేవారూ ఉన్నారు. మనం ఈ రోజు దాటేయకుండా కూర్చుని మాట్లాడుకుందాం. విషయం లైంగికంగా సంక్రమించే వ్యాధులు. వాటిని ఎవరికి వారే పరీక్షించుకునే కిట్లను ఊళ్లోని మెడికల్ షాపుల్లో అందుబాటులో పెట్టవచ్చునా, పెడితే ఎలా పెట్టాలి అన్నది మన ప్రశ్న.

పూర్వం వీటిని సుఖవ్యాధులు అనేవారు. సిఫిలిస్‌ను సవాయి అనీ, గనేరియాను సెగ అనీ పెద్దవాళ్లు అనడం మీరు వినే ఉంటారు. "సుఖవ్యాధి" అనే మాటలోనే రోగి మీద ఒక తీర్పు దాగి ఉంది. కానీ భర్త నుంచి సోకిన భార్యకూ, తల్లి కడుపులో ఉండగానే సోకిన బిడ్డకూ ఆ తీర్పు ఎలా వర్తిస్తుంది? సూక్ష్మజీవికి మనిషి గుణగణాలతో పనిలేదు. దానికి కావలసింది ఒక శరీరం నుంచి మరో శరీరానికి దారి. అందుకే శాస్త్రం ఆ పాత మాటను వదిలి, వ్యాధి సోకే మార్గాన్ని బట్టి పేరు పెట్టుకుంది.

కనిపించని వ్యాధులు

ముందుగా ఈ సమస్య ఎంత పెద్దదో చూద్దాం. మందులతో పూర్తిగా నయం చేయగల నాలుగు లైంగిక వ్యాధులున్నాయి: క్లమిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకొమొనియాసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 సంవత్సరంలో 15 నుంచి 49 ఏళ్ల వయసు వారిలో ఈ నాలుగూ కలిసి 37 కోట్ల 40 లక్షల కొత్త కేసులు వచ్చాయి. అంటే రోజుకు పది లక్షలకు పైమాటే. వీటికి హెచ్.ఐ.వి., హెర్పిస్, హెపటైటిస్ బి వంటి వైరస్ వ్యాధులు అదనం.

నయమయ్యే జబ్బులు ఇంతగా ఎలా వ్యాపిస్తున్నాయి? చాలామందిలో ఇవి ఏ లక్షణమూ చూపించకపోవడమే దీనికి ముఖ్య కారణం. క్లమిడియా సోకిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కానీ లోపల అది గర్భాశయం నుంచి ఫెలోపియన్ నాళాల దాకా పాకి వాటిని మూసివేయగలదు. పెళ్లయి కొన్నేళ్లు గడిచినా పిల్లలు ఎందుకు కలగడం లేదో తెలియక ఆసుపత్రుల చుట్టూ తిరిగే దంపతులలో కొందరి కథ ఇక్కడ మొదలవుతుంది.

సిఫిలిస్ సంగతి మరో రకం. మొదట ఒక పుండు వస్తుంది, నొప్పి పెట్టదు, కొన్ని వారాలకు దానంతట అదే మానిపోతుంది. "తగ్గిపోయింది" అనుకుంటారు. నిజానికి ఆ క్రిమి రక్తంలోకి వెళ్లిపోయి ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత గుండెనూ, మెదడునూ పట్టుకోవచ్చు. గర్భిణికి ఉంటే బిడ్డకు సోకుతుంది. 2016లో ప్రపంచవ్యాప్తంగా 6 లక్షల 61 వేల గర్భాలలో సిఫిలిస్ తల్లి నుంచి బిడ్డకు సోకిందనీ, వాటిలో సుమారు 3 లక్షల 55 వేల సందర్భాలలో మృత శిశు జననం, నెలలు నిండకముందే కాన్పు వంటి చెడు ఫలితాలు వచ్చాయనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఈ వ్యాధికి 1943 నుంచి పెన్సిలిన్ వాడుతున్నాం. చవకైన మందు, ఇప్పటికీ పని చేస్తున్న మందు. మందు ఉండి కూడా బిడ్డలు చనిపోతున్నారంటే, లోపం మందులో లేదు. జబ్బు ఉందని సమయానికి తెలుసుకోవడంలో ఉంది.

పరీక్షకు ఎందుకు వెళ్లరు?

మన దేశంలో పరీక్షలు లేవా? ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సమీకృత సలహా, పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. మనం ఐ.సి.టి.సి. అంటాం. అక్కడ హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. గర్భిణులందరికీ హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేయాలన్నది జాతీయ విధానం. లైంగిక వ్యాధులకు సురక్ష క్లినిక్కులు కూడా ఏర్పాటయ్యాయి.

అయినా వెళ్లేవారికి ఎదురయ్యే ఇబ్బందులు ఆలోచించండి. కేంద్రం ఉదయం తెరుస్తారు, కూలికి వెళ్లేవాడు ఆ రోజు కూలి వదులుకోవాలి. గుమ్మం మీద బోర్డు ఉంటుంది, ఆ బోర్డు కింద నిలబడితే ఊరివాళ్లు చూస్తారేమోనన్న భయం. లోపల ఉన్న నర్సు మేనత్త గారి ఊరి ఆవిడ కావచ్చు. పెళ్లికాని అమ్మాయి అయితే "నీకెందుకమ్మా ఈ పరీక్ష?" అనే చూపు ఒకటి.

అందుకని చాలామంది ఎక్కడికి వెళ్తారు? మెడికల్ షాపుకు. సాయంత్రం రద్దీ తగ్గాక ఒక కుర్రాడు వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, "అన్నా, మూత్రానికి వెళితే మంట... ఏదైనా మంచి బిళ్ల ఇవ్వు" అంటాడు. ఆ అన్న ఏవో రెండు రకాల మాత్రలు చుట్టి ఇస్తాడు. పరీక్ష లేదు, చీటీ లేదు. మంట తగ్గితే జబ్బు పోయిందనుకుంటాడు. ఏ జబ్బో తెలియదు, అతని భాగస్వామికి చికిత్స జరగదు.

దీనివల్ల ఇంకొక ముప్పు ఉంది. గనేరియా క్రిమి మందులకు అలవాటు పడడంలో గట్టి పిండం. సల్ఫా మందులు ఓడిపోయాయి. 1976లో పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసుకున్న రకాలు బయటపడ్డాయి. టెట్రాసైక్లిన్ పోయింది. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులను గనేరియాకు వాడవద్దని అమెరికా 2007లో తన వైద్యులకు చెప్పింది. ఇప్పుడు ప్రధానంగా సెఫ్ట్రియాక్సోన్ అనే ఇంజెక్షన్ మీద ఆధారపడుతున్నాం. గుడ్డిగా మింగిన ప్రతి మాత్రా ఆ క్రిమికి ఒక శిక్షణ తరగతి వంటిది.

కాబట్టి మెడికల్ షాపును ఈ విషయంలోకి తీసుకురావాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థం లేదు, అది ఎప్పుడో వచ్చేసింది. పరీక్ష లేకుండా మందులిచ్చే చోటుగా ఉండాలా, పరీక్షకు దారి చూపే చోటుగా మారాలా అన్నదే అసలు ప్రశ్న.

కిట్టు ఎలా పని చేస్తుంది?

నా ముందున్న బల్ల మీద మూడు వస్తువులు ఉన్నాయి, చూడండి. మొదటిది గర్భనిర్ధారణ కిట్టు. రెండవది చక్కెర కొలిచే గ్లూకోమీటరు. మూడవది కోవిడ్ స్వీయ పరీక్ష కిట్టు. మన దేశంలో మొదటి కోవిడ్ స్వీయ పరీక్ష కిట్టుకు 2021 మే నెలలో ఐ.సి.ఎం.ఆర్. ఆమోదం తెలిపింది. ఈ మూడూ మెడికల్ షాపులో కొని ఇంట్లో వాడినవే. అంటే ఇంట్లో పరీక్ష చేసుకోవడం మనకు కొత్త కాదు.

హెచ్.ఐ.వి., సిఫిలిస్ స్వీయ పరీక్ష కిట్లు కూడా చాలావరకు గర్భనిర్ధారణ కిట్టు సూత్రం మీదే పని చేస్తాయి. దీన్ని లేటరల్ ఫ్లో పరీక్ష అంటారు. సిరా అద్దుడు కాగితం కొసను నీళ్లలో ముంచితే తడి పైకి పాకుతుంది కదా, అదే సూత్రం. స్ట్రిప్పు ఒక చివర నమూనా చుక్క వేస్తాం. అది పాకుతూ దారిలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులను వెంట తీసుకుపోతుంది. బంగారం అంత చిన్న రేణువులుగా ఉన్నప్పుడు పసుపు రంగులో కాక ఎర్రగా కనిపిస్తుంది. మీరు చూసే ఎర్ర గీత రంగు దానిదే.

స్ట్రిప్పు మధ్యలో 'టి' అనే చోట వ్యాధికారక క్రిమికి చెందిన ప్రొటీన్లను గీతలా అతికించి ఉంచుతారు. ఒంట్లో ఆ క్రిమికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉంటే అవి అక్కడ చిక్కుకుంటాయి, వాటితోపాటు బంగారు రేణువులూ ఆగిపోతాయి, గీత కనిపిస్తుంది. తర్వాత 'సి' అనే చోట రెండవ గీత ఉంటుంది. అది స్ట్రిప్పు సరిగ్గా పని చేసిందని చెప్పే గీత. 'సి' గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, 'టి' వచ్చినా రాకపోయినా సరే. ఈ ఒక్క నియమం తెలియక చెల్లని పరీక్షను నెగటివ్ అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది.

కొన్ని హెచ్.ఐ.వి. కిట్లలో వేలి రక్తపు చుక్క వాడతారు, కొన్నింటిలో చిగుళ్ల మీద మెత్తటి పుల్లతో తుడిచిన ద్రవం వాడతారు. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. చిగుళ్ల ద్రవంలో ఆ కిట్టు వెతికేది వైరస్‌ను కాదు, రక్తం నుంచి ఊరి వచ్చే యాంటీబాడీలను. లాలాజలం ద్వారా హెచ్.ఐ.వి. సోకదు.

క్లమిడియా, గనేరియాల విషయంలో యాంటీబాడీల గీతలు సరిపోవు. క్రిమి జన్యు పదార్థాన్ని లక్షల రెట్లు పెంచి గుర్తించే పరీక్ష కావాలి. అందుకే చాలా దేశాల్లో నమూనాను మాత్రమే ఇంట్లో తీసి ప్రయోగశాలకు పంపుతారు. దీన్ని స్వీయ నమూనా సేకరణ అంటారు. స్వీయ పరీక్షకూ దీనికీ తేడా గుర్తుంచుకోండి. మొదటిదానిలో ఫలితం మన చేతిలోనే తేలుతుంది, రెండవదానిలో ప్రయోగశాల చెబుతుంది. అయితే ఈ హద్దు కూడా చెరిగిపోతోంది. 2024 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ చీటీ లేకుండా కొనగలిగే సిఫిలిస్ ఇంటి పరీక్షకు అనుమతించింది. 2025 మార్చిలో స్త్రీలు క్లమిడియా, గనేరియా, ట్రైకొమొనియాసిస్ మూడింటినీ ఇంట్లోనే పరీక్షించుకునే చిన్న పరికరానికి కూడా అనుమతి ఇచ్చింది.

కొంచెం లెక్కలు చేద్దాం

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

ఒక పరీక్ష నాణ్యతను రెండు కొలతలతో చెబుతారు. జబ్బు ఉన్నవారిలో ఎంతమందిని పట్టుకుంటుందన్నది సున్నితత్వం. జబ్బు లేనివారిలో ఎంతమందికి సరిగ్గా "లేదు" అంటుందన్నది నిర్దిష్టత. ఒక కిట్టుకు రెండూ 99 శాతం అనుకుందాం. మంచి కిట్టే అనిపిస్తుంది కదా?

2021 జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. వ్యాప్తి 0.21 శాతం. సులువుగా 0.2 అనుకుందాం. పదివేల మంది పరీక్ష చేసుకున్నారు. వారిలో 20 మందికి హెచ్.ఐ.వి. ఉంటుంది, కిట్టు దాదాపు అందరినీ పట్టుకుంటుంది. మిగిలిన 9,980 మందిలో ఒక శాతం, అంటే సుమారు 100 మందికి జబ్బు లేకపోయినా గీత వస్తుంది. మొత్తం 120 మందికి గీత వచ్చింది. నిజంగా ఉన్నది 20 మందికే. అంటే గీత చూసి గుండె జారిపోయిన ఆరుగురిలో ఐదుగురికి హెచ్.ఐ.వి. లేదు.

ఇదే కిట్టు ఆంధ్రప్రదేశ్‌లో వాడితే? 2021 అంచనాల్లో అక్కడ వ్యాప్తి 0.67 శాతం. పదివేల మందిలో 67 మందికి ఉంటుంది, 66 మంది దొరుకుతారు. తప్పుడు గీతలు సుమారు 99. గీత వచ్చిన ప్రతి పదిమందిలో నలుగురికి నిజం. వ్యాధి 5 శాతం మందిలో ఉన్న సమూహంలో అయితే 495 నిజమైనవి, 95 తప్పుడువి. అప్పుడు పదింట ఎనిమిది నిజం. కిట్టు మారలేదు, జబ్బు వ్యాప్తి మారింది, గీతకు ఉన్న అర్థం మారిపోయింది.

నిర్దిష్టత పెంచితే ఏమవుతుంది? 2012లో అమెరికా మొదటిసారి అనుమతించిన చిగుళ్ల ద్రవపు హెచ్.ఐ.వి. ఇంటి కిట్టునే తీసుకోండి. సామాన్యులే స్వయంగా వాడి చూసినప్పుడు జబ్బు లేనివారిలో ఐదువేల మందిలో ఒక్కరికే తప్పుడు గీత వచ్చింది. మన పదివేల మందిలో తప్పుడు గీతలు రెండే. కానీ ఆ కిట్టు జబ్బు ఉన్న ప్రతి 12 మందిలో ఒకరిని వదిలేసింది. ఒకవైపు లాభం, మరోవైపు నష్టం.

దీన్నిబట్టి రెండు నియమాలు తేలుతున్నాయి. ఒకటి, స్వీయ పరీక్షలో గీత వస్తే అది జబ్బు నిర్ధారణ కాదు, నిర్ధారణకు పిలుపు. మన ఐ.సి.టి.సి.లలో కూడా మూడు వేర్వేరు పరీక్షలలో పాజిటివ్ వస్తేనే హెచ్.ఐ.వి. ఉన్నట్టు చెబుతారు. రెండు, గీత రాకపోయినంత మాత్రాన ఎప్పుడూ నిశ్చింత కాదు. క్రిమి ప్రవేశించాక శరీరం యాంటీబాడీలు తయారు చేయడానికి సమయం పడుతుంది. ఆ మధ్య కాలాన్ని విండో పీరియడ్ అంటారు. అందుకే హెచ్.ఐ.వి. స్వీయ పరీక్షలో ప్రమాదం ఎదురైన మూడు నెలల తర్వాత వచ్చిన నెగటివ్‌నే నమ్మమంటారు. సోమవారం భయపడి మంగళవారం పరీక్ష చేసుకుని "నాకేం లేదు" అనుకోవడం శాస్త్రీయం కాదు.

సిఫిలిస్‌కు మరో చిక్కు. ఒకసారి వచ్చి పూర్తిగా నయమైనా, ఆ యాంటీబాడీలు జీవితాంతం ఉండిపోవచ్చు. స్ట్రిప్పు మీద గీత వస్తూనే ఉంటుంది. పాత జబ్బా, కొత్త జబ్బా అన్నది వైద్యుడు మరో రకం రక్త పరీక్షతో తేల్చాలి. ఈ మాట అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోదు, ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

ఇతర దేశాల అనుభవం

2016 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్.ఐ.వి. స్వీయ పరీక్షను సిఫారసు చేసింది. 2024లో సిఫిలిస్ స్వీయ పరీక్షను కూడా ఆ జాబితాలో చేర్చింది. అంతకుముందే, 2015 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో ఫార్మసీల ద్వారా వేలి రక్తంతో చేసే హెచ్.ఐ.వి. కిట్ల అమ్మకం మొదలైంది. ఫలితం చూసి కంగారు పడినవారు మాట్లాడడానికి టెలిఫోన్ సలహా కేంద్రం ఏర్పాటు చేశారు. అయితే ధర పాతిక యూరోల దాకా ఉండేది. అక్కడ ప్రయోగశాలల్లో, ప్రత్యేక కేంద్రాల్లో ఉచితంగా జరిగే పరీక్షకు డబ్బు పెట్టి కొనడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. కెన్యా 2017లో స్వీయ పరీక్షను జాతీయ కార్యక్రమంగా ప్రారంభించి, ఫార్మసీలను కూడా అందులో కలుపుకుంది. దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు ఫార్మసీలు ఇంటి హెచ్.ఐ.వి. కిట్లు అమ్మరాదన్న నిషేధం ఉండేది, తర్వాత దాన్ని ఎత్తివేశారు.

ఇంగ్లండ్ నుంచి నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. అక్కడ 2003లో 25 ఏళ్లలోపు వారికోసం క్లమిడియా పరీక్షల జాతీయ కార్యక్రమం మొదలైంది. 2005లో లండన్‌లో ఒక పెద్ద ఫార్మసీ సంస్థ శాఖల్లో యువతకు ఉచితంగా పరీక్ష కిట్లు ఇచ్చే ప్రయోగం చేశారు. 2008లో ఇంకో అడుగు వేసి, పరీక్షలో క్లమిడియా తేలి, లక్షణాలు లేనివారికి వైద్యుని చీటీ లేకుండానే అజిత్రోమైసిన్ ఇచ్చే వీలు ఫార్మసిస్టుకు కల్పించారు. ఒకే బల్ల దగ్గర పరీక్ష, మందు రెండూ. కానీ 2018లో అక్కడి వైద్య మార్గదర్శకాలు క్లమిడియాకు మొదటి మందుగా డాక్సీసైక్లిన్‌ను సూచించాయి. అజిత్రోమైసిన్‌కు మరో లైంగిక వ్యాధి క్రిమి లొంగకుండా పోతుండడం అందుకు ఒక కారణం. అంటే పరీక్షను ఫార్మసీకి తీసుకురావచ్చు గానీ, చికిత్స నిర్ణయాన్ని క్లినిక్కు నుంచి తెంపేస్తే త్వరలోనే పాతబడిపోతుంది. దుకాణానికీ క్లినిక్కుకూ మధ్య తాడు తెగకూడదు.

మన దేశంలో ఏం కావాలి?

మన దేశంలో దీన్ని ఆలోచించేటప్పుడు ముందుగా చట్టం చూడాలి. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మనిషికి విషయం వివరించి, అతని అంగీకారం తీసుకోకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదు. పరీక్షకు ముందు, తర్వాత సలహా ఇవ్వాలి. ఉద్యోగానికో, చదువుకో, వైద్యానికో ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. కిట్టు మెడికల్ షాపుకు వస్తే ఈ రక్షణలన్నీ దానితోపాటు రావాలి.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వినిపిస్తుంది. కిట్టు ఎవరైనా కొనగలిగితే, దాన్ని ఎదుటివారి మీద ప్రయోగించరా? పెళ్లిచూపుల్లో అమ్మాయిని, పనిలో పెట్టుకునే ముందు కూలీని, అనుమానంతో భార్యను బలవంతంగా పరీక్షించరా? ఈ భయం న్యాయమైనదే. స్వీయ పరీక్ష అనే మాటలో "స్వీయ" అన్నదే ముఖ్యం. ఎవరి ఒళ్లు వారిది, ఎవరి నిర్ణయం వారిది. బలవంతంగా చేయించిన పరీక్ష స్వీయ పరీక్ష కాదు, నేరం. ఈ మాట కిట్టు మీద పెద్ద అక్షరాల్లో, ప్రాంతీయ భాషలో ఉండాలి.

రెండవ అభ్యంతరం, ఒంటరిగా ఫలితం చూసి ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోనని. ఇతర దేశాల అనుభవంలో అటువంటి ఘటనలు చాలా అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. అయినా అరుదు అంటే లేదని కాదు. ఫలితం చూసిన క్షణంలో అవతల ఒక గొంతు వినిపించాలి. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత టెలిఫోను నంబరు ఉంది: 1097. రాసుకోండి.

మూడవది ఫార్మసిస్టు పాత్ర. మన చట్టం ప్రకారం ఫార్మసిస్టు అంటే చదివి, నమోదైన వృత్తి నిపుణుడు. 2015 నాటి ఫార్మసీ వృత్తి నిబంధనలు రోగికి సలహా ఇవ్వడాన్ని అతని విధుల్లో చేర్చాయి. కానీ బల్ల వెనుక నిజంగా ఎవరుంటున్నారు? చాలాచోట్ల గోడ మీద సర్టిఫికెట్ ఒకరిది, మందులిచ్చే చెయ్యి ఇంకొకరిది. కిట్లు అమ్మే అనుమతిని అర్హత గల ఫార్మసిస్టు ఎదురుగా ఉండే దుకాణాలకే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

ఆ ఫార్మసిస్టు చెప్పవలసింది ఎంత? రెండు నిమిషాల మాట. "ప్రమాదం జరిగి మూడు నెలలు దాటిందా? సి గీత రాకపోతే పరీక్ష చెల్లదు. రెండు గీతలు వస్తే కంగారు పడకండి, ఇంకా ఏదీ తేలలేదు, ఫలానా ఆసుపత్రిలో ఉచితంగా నిర్ధారించుకోండి. ఇప్పటికే హెచ్.ఐ.వి. మందులు వాడుతుంటే ఈ కిట్టు వద్దు, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది." ఈ నాలుగు మాటలూ గొంతు తగ్గించి చెప్పాలి. పక్కన దగ్గుమందు కోసం వచ్చినవాళ్లు వినేలా కాదు. "ఎవరికి? ఎందుకు?" అని అడగకుండా చెప్పాలి. ఇవ్వవలసిన చీటీలో దగ్గరి కేంద్రం చిరునామా, వేళలు ఉండాలి.

ఇంకా మూడు చిన్న విషయాలు. కిట్టు నాణ్యత పరీక్షించి అనుమతి పొందినదై ఉండాలి. హెచ్.ఐ.వి. పరీక్ష కిట్లను మన వైద్య పరికరాల నిబంధనలు అత్యధిక ప్రమాద తరగతిలో చేర్చడం ఇందుకే. ధర ఒక రోజు కూలిని మించితే అవసరమున్నవారికి చేరదు. వేలు గుచ్చిన సూదిని ఎక్కడ పారేయాలో కూడా చెప్పాలి, లేకపోతే చెత్త ఏరే మనిషి చేతికి అది గుచ్చుకుంటుంది.

ముగింపు

ఇంతవరకు చెప్పుకున్నది ఒకసారి నెమరు వేసుకుందాం. లైంగిక వ్యాధులు చాలావరకు కనిపించవు, కాబట్టి పరీక్షే వాటికి కన్ను. సిగ్గు, దూరం, సమయం ఆ పరీక్షకు అడ్డు. మెడికల్ షాపు ఆ అడ్డంకులను తగ్గించగలదు. కానీ కిట్టు పరీక్షలో సగమే. మిగతా సగం బల్ల అవతల ఉన్న మనిషి మర్యాద, ఫోనులో వినిపించే గొంతు, ఉచితంగా నిర్ధారించే ప్రయోగశాల, అక్కడి నుంచి మొదలయ్యే చికిత్స. 2017 నుంచి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే ఉచితంగా మందులు మొదలుపెట్టే విధానం ఉంది. క్రమం తప్పకుండా మందులు వాడి రక్తంలో వైరస్ కొలతకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు హెచ్.ఐ.వి. సోకదు. తెలుసుకోవడం వల్ల కలిగే మేలు అంత పెద్దది. మిగతా సగం లేకుండా కిట్టు ఒక్కటే అమ్మితే, భయాన్ని ప్యాకెట్లలో అమ్మినట్టే.

మీకు రెండు పనులు ఇస్తున్నాను. ఒకటి, సున్నితత్వం 98 శాతం, నిర్దిష్టత 99.5 శాతం ఉన్న కిట్టుతో, వ్యాప్తి 1 శాతం ఉన్న పదివేల మందికి మనం వేసిన లెక్క వేసి చూడండి. గీత వచ్చినవారిలో ఎందరికి నిజంగా జబ్బు ఉందో తేల్చండి. రెండు, మీ ఊరికి దగ్గరలో ఉన్న ఐ.సి.టి.సి. ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కోండి. మీకు అవసరం రాకపోవచ్చు. ఏదో ఒక రోజు మీ స్నేహితుడో, స్నేహితురాలో గొంతు తగ్గించి మిమ్మల్ని ఒక మాట అడగవచ్చు. అప్పుడు నవ్వకుండా, తల తిప్పుకోకుండా చిరునామా చెప్పగలిగితే ఈ పాఠం ఫలించినట్టే.

సెలవు.